తల్లి నిరాకరించింది

ఆస్పత్రికి వచ్చే పిల్లలంతా ఆమెను చల్లమ్మ అనేవాళ్లు. గుండె స్కాన్ తీసే ముందు ఛాతీ మీద పూసే జెల్లీ మంచుముక్కలా తగిలేది కాబట్టి ఆ పేరు. అరచేతుల్లో రుద్ది కాస్త వెచ్చబెట్టి పూసినా పేరు మాత్రం పోలేదు. కొన్నాళ్లకు నర్సులూ అదే పిలుపు అందుకున్నారు. ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది.

రెండో అంతస్తులో, నడవా చివర, కిటికీ లేని గది ఆమెది. ఒక ఇరుకు మంచం, దాని మీద చింపి పారేసే కాగితపు పరుపు, పక్కన స్కాన్ యంత్రం, ఎంత లాగినా రెండంగుళాల సందు మిగిలే తెర. జెల్లీ తుడిచిన కాగితాలతో చెత్తబుట్ట మధ్యాహ్నానికల్లా నిండి, గదంతా ఒకలాంటి జిగట వాసన వేసేది. ఆ గదిలో ఆమె పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. గుండె బొమ్మ తీయడం, కొలవడం, కొలతలు కాగితం మీద రాయడం, అంతవరకే ఆమె పని. ఆ కాగితం చూసి ఇది ఫలానా జబ్బని తేల్చి సంతకం పెట్టేది పెద్ద డాక్టరు.

పెద్ద డాక్టరు ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి. నోట్లో పిప్పరమెంటు బిళ్ల నానుతూ ఉండేది. ఎవరితో మాట్లాడినా ఆ తీపి ఘాటు ముందు తగిలేది, మాట తర్వాత వినిపించేది. రోజుకు నలభై కాగితాలు నిలబడే సంతకం పెట్టేవాడు. టైపిస్టు పేజీ తిప్పడం, ఆయన గీత గీయడం. తోటకూర కట్టలు లెక్కపెట్టేవాడైనా అంతకంటే శ్రద్ధగా చూస్తాడని చల్లమ్మ మనసులో అనుకునేది. మనసులో అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గనుక, పంతొమ్మిదేళ్లలో ఆమె చాలానే అనుకుంది.

ఒకరోజు ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. తల్లి ఒక కుట్టు కార్ఖానాలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. చీర మీద తొడుక్కున్న చొక్కా చేతుల నిండా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. పిల్లను పిచ్చుకా అని పిలుస్తోంది. పేరుకు తగ్గట్టే పిట్టంత ప్రాణం. మెడ దగ్గర ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"ఏం ఇబ్బందమ్మా?" అని అడిగింది చల్లమ్మ.

"ఉబ్బసం అన్నారు మేడం. రెండేళ్ల నుంచి మందు పీలుస్తోంది. పీల్చినా అంతే, పీల్చకపోయినా అంతే. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చుండిపోతుంది. ఆటల టీచరేమో బద్ధకం అంటాడు."

"బద్ధకం కాదు," అంది పిచ్చుక మంచం మీద నుంచి. "ఆయనకి పొట్ట ఉంది. ఆయన్ని పరిగెత్తమనండి, ఎవరు ముందు కూర్చుంటారో చూద్దాం."

చల్లమ్మ నవ్వుతూనే స్కాన్ మొదలుపెట్టింది. రెండు నిమిషాలు గడిచేసరికి నవ్వు ఆగిపోయింది. గుండె కుడివైపు గది గోడ ఉండాల్సిన దానికంటే దళసరిగా ఉంది. రెండు గదుల మధ్య గోడ ఎడమవైపుకు అణిగిపోయి ఉంది. కుడివైపు ఒత్తిడి లెక్కగడితే మామూలు కంటే మూడింతలు వచ్చింది. మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పంపే కవాటం చూసింది. అది సాఫీగా తెరుచుకుంటోంది. గుమ్మం దగ్గర అడ్డేమీ లేదు, మరి లోపల ఇంత తొక్కిడి ఎందుకు? అడ్డు ఇంకా ముందుకెళ్లాక, ఊపిరితిత్తుల్లోకి కొమ్మల్లా చీలే రక్తనాళాల్లో ఉండి ఉండాలి. కానీ ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది. గాలి ఉన్నచోట ఈ యంత్రం గుడ్డిది.

అలాంటి జబ్బు ఉంటుందని ఆమెకు తెలుసు. పుట్టుకతోనే ఆ నాళాలు అక్కడక్కడా సన్నగా ఉండిపోతాయి. లక్షల్లో ఒకరికి వస్తుంది. తన చేతి కింద అంతకుముందు ఒక్కసారే చూసింది. కొలతలన్నీ రాసి, కింద ఒక వాక్యం చేర్చింది. 'కుడివైపు ఒత్తిడి చాలా ఎక్కువ. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో సన్నదనం ఉందేమో సీటీ తీసి చూడాలి.' కాగితం టైపిస్టుకు ఇవ్వకుండా తానే పెద్ద డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లింది.

ఆయన బిళ్లను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. "స్కాన్ తీసేటప్పుడు పిల్ల ఏడ్చిందా? ఏడిస్తే ఒత్తిడి పెరుగుతుంది."

"ఏడవలేదు సార్. జోకులు వేసింది."

"నవ్వినా పెరుగుతుంది."

"మూడింతలు పెరగదు కదా సార్."

"నువ్వీ మధ్య పుస్తకాలు ఎక్కువ చదువుతున్నావు. లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బు మన గుమ్మంలోకి నడిచొస్తుందా?"

వస్తే ఇలాంటి గుమ్మంలోకే కదా సార్ రావాలి, అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆయన ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత కొట్టి కాగితం టైపిస్టు బల్ల మీదికి విసిరాడు. గంట తర్వాత అచ్చయిన రిపోర్టులో గుండె నిర్మాణం, పనితీరు మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. ఆ మాటలు కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవే. పేరూ వయసూ మారిస్తే చాలు.

ఆ రిపోర్టు తల్లి చేతికిచ్చింది చల్లమ్మే. తల్లి అది చదువుకుని, రెండు చేతులతో చల్లమ్మ చేతులు పట్టుకుంది. "గుండెలో ఏం లేదుగా మేడం? రెండు రాత్రుల నుంచి నిద్రలేదు నాకు."

"ఆయాసం తగ్గకపోతే మళ్లీ తీసుకురామ్మా," అంది చల్లమ్మ. గోడమీది పిల్లిలాంటి మాట. ఆ మాట అన్నందుకు ఆ రోజు తనను తాను కొంచెం మెచ్చుకుంది కూడా.

తర్వాత పద్నాలుగు నెలలు గడిచాయి. రోజుకు ఇరవైమంది పిల్లలు మంచం ఎక్కి దిగారు. పిచ్చుక ముఖం మరుగున పడింది.

పద్నాలుగు నెలల తర్వాత బడి మెట్ల మీద పిచ్చుక స్పృహతప్పి పడిపోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికి పెదాలు సిరా పూసినట్టున్నాయి. అప్పుడు డ్యూటీలో ఉన్నది రెండు నెలల క్రితం చేరిన కొత్త డాక్టరమ్మ. ఆమె పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. తర్వాత పిల్లను పక్కకు తిప్పి వీపు మీద, రెక్కల ఎముకల కింద, చంకల్లో, ఒక్కోచోట చాలాసేపు విన్నది. తర్వాత చల్లమ్మను పిలిపించింది.

"అక్కా, మీరూ ఒకసారి వినండి. ఇక్కడ పెట్టండి."

చల్లమ్మ విన్నది. ఇసుకలో చీపురు లాగినట్టు సుయ్యిమని చప్పుడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, వీపుకు రెండు పక్కలా.

"ముందువైపు కంటే వీపు మీద గట్టిగా వినిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "అంటే రొద గుండెలోది కాదు. ఊపిరితిత్తుల్లోకి రక్తం వెళ్లే దారిలోది. మూడేళ్లలో ఈ పిల్ల వీపు మీద ఎవరూ వినలేదా?"

"వినే ఉంటారు. ఉబ్బసం అనుకున్నాక పిల్లికూతల కోసం విని ఉంటారు. అవి లేకపోతే ఈ పూట బాగుందని పంపేసి ఉంటారు."

చల్లమ్మ స్కాన్ మళ్లీ తీసింది. ఒత్తిడి ఈసారి నాలుగింతలు. గుండె కుడి గది అలసిపోయి సాగడం మొదలైంది. రంగు మందు ఎక్కించి సీటీ తీశారు. తెర మీద నాళాలు స్పష్టంగా కనిపించాయి. కొమ్మలు చీలే ప్రతిచోటా ఎవరో దారం బిగించి కట్టినట్టు నొక్కుకుపోయి ఉన్నాయి. ఏడు చోట్ల. చల్లమ్మ ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి ఏడూ మళ్లీ లెక్కపెట్టింది. పద్నాలుగు నెలల కిందట తాను రాసిన వాక్యమే అది. ఎవరో తీరిగ్గా రంగులు వేసి చూపిస్తున్నట్టుంది.

డాక్టరమ్మ తల్లిని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇది పుట్టుకతో వచ్చింది, నువ్వు చేసిన తప్పేం లేదు, తొడ దగ్గర నాళంలోంచి సన్నని తీగ పంపి, దాని చివర బుడగ ఊది, సన్నగా ఉన్నచోట వెడల్పు చేస్తాం, ఒక్కసారితో అయ్యేది కాదు, మరీ చిన్న కొమ్మలు కొన్ని అందకపోవచ్చు, అని.

తల్లి అంతా విని, "పోయిన ఏడాది ఇక్కడే స్కాన్ తీశారు. అప్పుడు ఈ జబ్బు లేదా?" అని అడిగింది.

డాక్టరమ్మ ఫైలు చూసింది. తర్వాత చల్లమ్మ వైపు చూసింది. "పుట్టినప్పటి నుంచీ ఉంటుందమ్మా."

"మరి బాగుందన్నారే."

"ఆ యంత్రానికి అక్కడిదాకా కనపడదు," అంది డాక్టరమ్మ.

అది అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే చల్లమ్మకు రోత పుట్టించింది. నిజంలోంచి పనికొచ్చే సగం కోసి పెట్టడం ఈ కొత్తమ్మాయి రెండు నెలల్లోనే ఎలా నేర్చుకుందా అనుకుంది. ఆ వెంటనే, తాను నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తులేదని కూడా అనుకుంది.

బుడగ మొదటి విడతలో రెండుచోట్ల నాళాలు తెరుచుకున్నాయి. నాలుగు రోజులకు పిచ్చుక పెదాలు కాస్త ఎర్రబడ్డాయి. తిండి రుచిగా లేదని వంటవాళ్ల మీద జోకులు మొదలుపెట్టింది. ఆ వారమే పెద్ద డాక్టరు కింది హాల్లో ఒక సమావేశం ఏర్పాటు చేశాడు. విద్యార్థులు, బయటి ఆస్పత్రుల డాక్టర్లు, టీ, బిస్కెట్లు. గోడ మీద బ్యానరు: 'అరుదైన వ్యాధి – సకాలంలో గుర్తింపు.' బొమ్మలు తెర మీద వేసే పని చల్లమ్మకు అప్పగించారు.

పిచ్చుకను వేదిక మీద స్టూలు వేసి కూర్చోబెట్టారు. చొక్కా వెనక నుంచి మెడదాకా పైకెత్తారు. ఇరవై ముగ్గురు విద్యార్థులు వరసగా వచ్చి వీపు మీద స్టెతస్కోపు చల్లటి బిళ్ల ఆనించి విన్నారు. కొందరి వేళ్లకు బిస్కెట్ పొడి ఇంకా అంటుకుని ఉంది. పదకొండోవాడు వచ్చినప్పుడు పిచ్చుక, "ఇంకా ఎంతమంది?" అని అడిగింది. హాల్లో అందరూ నవ్వారు. పిల్ల జోకు వేయలేదు. వీపు మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉండటం తెర పక్కన నిలబడ్డ చల్లమ్మకు కనిపిస్తోంది. వేదిక పక్కన కుర్చీలో తల్లి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

పెద్ద డాక్టరు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ఉబ్బసం అనుకుని ఎంతమంది ఈ జబ్బును వదిలేస్తారో, వీపు మీద వినడం ఎంత అవసరమో చెప్పాడు. తానే విన్నట్టు చెప్పాడు. మొదటి వరసలో కూర్చున్న కొత్త డాక్టరమ్మ తన టీకప్పులోకి చూసుకుంటూ ఉండిపోయింది.

బయటినుంచి వచ్చిన ఒక ముసలి డాక్టరు చెయ్యెత్తాడు. "ఏడాది కిందట మీ దగ్గరే ఒక స్కాన్ అయినట్టుందే. అప్పుడు దొరకలేదా?"

"అప్పుడే అనుమానించాను. చూడండి," అని పెద్ద డాక్టరు చల్లమ్మకు సైగ చేశాడు. ఆమె మీట నొక్కింది. పాత రిపోర్టు కింది సగం మాత్రం తెర మీదికి వచ్చింది. అందులో చివర ఒక వాక్యం ఉంది. 'తదుపరి పరీక్షకు సలహా ఇవ్వబడింది. తల్లి నిరాకరించింది.'

చల్లమ్మ ఆ వాక్యాన్ని అప్పుడే మొదటిసారి చూసింది.

పెద్ద డాక్టరు స్టూలు పక్కగా నడిచివెళ్లి తల్లి భుజం మీద చెయ్యివేశాడు. "ఈమెను తప్పుపట్టడం లేదు. చదువులేనివాళ్లు, భయపడతారు. మనం ఓపిగ్గా చెప్పాలి. ఏమ్మా?"

పదో తరగతి పాసైన తల్లి హాలంతా తనవైపే చూస్తుంటే ఉలిక్కిపడి, తల ఊపింది. అవునన్నట్టు ఊపింది.

హాల్లో సానుభూతిగా గొణుగుడు వినిపించింది. చల్లమ్మ వేలు మీట మీదే ఉంది. 'కాదు' అనడానికి రెండు అక్షరాలు చాలు. ఆమె మీట నొక్కింది. తర్వాతి బొమ్మ వచ్చింది.

సమావేశం అయ్యాక టైపిస్టు గదికి వెళ్లి రికార్డు తీయించింది. ఆ వాక్యం చేర్చింది పద్నాలుగు నెలల కిందట కాదు, మొన్న సాయంత్రం నాలుగుంపావుకు.

"నన్నలా చూడకు," అన్నాడు టైపిస్టు. "చెప్పారు, కొట్టాను. నాకు వాక్యాలు కొట్టడానికి జీతమిస్తారు, నమ్మడానికి కాదు. నువ్వు మాత్రం? మీట ఎవరు నొక్కారు?"

తిలా పాపం తలా పిడికెడు. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. రుద్దుకుంటుంటే సబ్బు నుంచి కూడా పిప్పరమెంటు వాసనే వచ్చినట్టయింది. బయటికొచ్చేసరికి తల్లి నడవాలో కాచుకుని ఉంది.

"మేడం, ఆ రోజు మీరున్నారుగా. నాకు చెప్పారా? నాకు గుర్తులేదు. చెప్పే ఉంటారు, నేనే వినిపించుకోలేదేమో. అప్పుడు కార్ఖానాలో పని కూడా ఎక్కువగా ఉండేది."

"పిల్లను చూసుకోమ్మా," అని మాత్రం అనగలిగింది చల్లమ్మ.

ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. ఎదురుగా అత్తగారు. ఆవిడ నలభై ఏళ్లు వేరే ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేసి దిగిపోయింది. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు గాని, వినాలనుకున్నది మాత్రం గోడ అవతలి నుంచైనా వింటుంది.

"ఏంటమ్మాయ్, తిండి మీద అలక? వండింది నేనే. చెప్పు, భరిస్తాను."

చల్లమ్మ చెప్పింది. మొదటినుంచీ చెప్పింది. పక్కన భర్త, "ఆయనతో పెట్టుకుంటే ఉద్యోగం ఉంటుందా?" అన్నాడు. అత్తగారు కొడుకువైపు చూడనైనా లేదు.

"దుప్పటి మీద రక్తం పడితే ఎప్పుడుతకాలో తెలుసా నీకు? పడ్డ వెంటనే. చన్నీళ్లలో. నానబెట్టి రేపు చూద్దాంలే అనుకున్నావా, ఇక అది దుప్పటితో పాటే చిరగాలి. నువ్వు ఏడాది దాటి నానబెట్టావు."

"ఇప్పుడేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"మరక పోదు. అయినా ఉతకాలి. ఉతికావని ఎవరూ మెచ్చుకోరు. ఆ ఆశ పెట్టుకోకు."

చల్లమ్మ ఆ ఆశ పెట్టుకోలేదని అనుకుంది. నిజానికి పెట్టుకుంది. మర్నాడు సెలవు పెట్టి కుట్టు కార్ఖానాకు నడుస్తుంటే, ఆ తల్లి ఏడుస్తుంది, ఊరట పడుతుంది, ఒక్కరైనా నిజం చెప్పారని చేతులు పట్టుకుంటుంది అని లోపల ఎక్కడో బొమ్మ కట్టుకుంటూనే వెళ్లింది.

కార్ఖానాలో యాభై మిషన్లు ఒకేసారి తిరుగుతున్నాయి. గాల్లో నూగు తేలుతోంది. ఒకవైపు కాలర్ల గుట్ట, ఒకవైపు జేబుల గుట్ట. తల్లి ఆమెను చూసి కంగారుగా లేచింది. పిల్లకేమైనా అయిందేమోనని.

"పిల్ల బాగుంది. నీతో మాట్లాడాలి."

ఇద్దరూ ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్లారు. చల్లమ్మ తిప్పి తిప్పి చెప్పకుండా చెప్పేసింది. "ఆ రోజు నీకెవరూ ఏ పరీక్షా చెప్పలేదు. నువ్వు వద్దనలేదు. ఆ వాక్యం మొన్న కలిపారు. పిల్ల గుండె మీద ఒత్తిడి ఉందని ఆ రోజే నేను చూశాను. సీటీ తీయాలని రాశాను. పెద్ద డాక్టరు కొట్టేశాడు. నేను ఊరుకున్నాను."

ఆవిరి ఇస్త్రీపెట్టె పక్కన బుసకొడుతోంది.

"అంటే ఆ రోజే మీకు తెలుసు."

"తెలుసు."

"నేను మీ చేతులు పట్టుకున్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

తల్లి తన రెండు అరచేతుల్నీ చొక్కాకేసి గట్టిగా రుద్దుకుంది. ఏదో జిడ్డు అంటినట్టు, అది పోనట్టు, మళ్లీ రుద్దుకుంది. తర్వాత మాట్లాడినప్పుడు 'మీరు' పోయింది.

"నిన్న వార్డుకెళ్లాక నా పిల్ల నన్నేమడిగిందో తెలుసా నీకు? అమ్మా, నువ్వెందుకు వద్దన్నావు, అని అడిగింది. హాల్లో విన్నదిగా. నేను దానికేం చెప్పానో తెలుసా? తప్పయిపోయిందమ్మా అన్నాను. చెయ్యని తప్పుకి నా కూతురి ముందు తలొంచుకున్నాను. రాత్రంతా నా చెంప నేనే కొట్టుకున్నాను."

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు," అంది చల్లమ్మ.

"మరెందుకొచ్చావు? నీ కడుపులో ఉన్నది నా దగ్గర కక్కుకుని తేలిగ్గా పోదామనా? సాయంత్రం ఆస్పత్రిలో నా కూతురి మంచం దగ్గరికి రా. ఇదంతా నా ముందు దానికి చెప్పు. తర్వాత కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు."

సాయంత్రం చల్లమ్మ వెళ్లింది. పిచ్చుక మంచం మీద కూర్చుని రంగు పెన్సిళ్లతో ఎవరికో పెద్ద పొట్ట గీస్తోంది. మీ అమ్మ వద్దనలేదు, తెలిసినా చెప్పనిది నేను, అని చల్లమ్మ చెప్పింది. తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. అంత చిన్న మాటల్లోకి దించితే ఆ పని ఇంకా హేయంగా కనిపించింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది పిచ్చుక.

"ఆయనంటే భయమేసింది."

పిల్ల పెన్సిల్ పక్కన పెట్టింది. తల్లివైపు చూసింది, మళ్లీ చల్లమ్మ వైపు చూసింది. "నాకు మీరంటే ఇష్టంగా ఉండేది," అంది. అంతే. అటు తిరిగి పడుకుని దుప్పటి కప్పుకుంది.

చల్లమ్మ రాసిచ్చిన కాగితం జతచేసి తల్లి ఫిర్యాదు పెట్టింది. ముగ్గురు పెద్దలతో విచారణ కమిటీ వేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు పెద్ద డాక్టరుతో కలిసి చదువుకున్నవాళ్లే. స్కాన్ బొమ్మలు చల్లమ్మ చెప్పినట్టే ఉన్నాయి, రికార్డులో మార్పు చేసిన గంటా నిమిషమూ ఉన్నాయి. కాదనడానికి వీల్లేదు. అయినా రెండు నెలలు నీళ్లు నమిలి, 'టైపింగులో దొర్లిన పొరపాటు' అని తేల్చారు. టైపిస్టును గోడౌనుకు మార్చారు. పెద్ద డాక్టరుకు ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఒక ఉత్తరం ఇచ్చారు. ఆస్పత్రి విషయాలు బయటికి పొక్కనిచ్చినందుకు చల్లమ్మకు మెమో ఇచ్చి, పిల్లల విభాగం నుంచి తప్పించి పెద్దవాళ్ల విభాగానికి పంపారు. రిపోర్టులోంచి ఆ ఒక్క వాక్యం మాత్రం తీసేశారు. తల్లి పట్టుబట్టి, తీసేసిన కాపీ మీద ముద్ర వేయించుకుని మరీ వెళ్లింది.

కొత్త డాక్టరమ్మ కమిటీ ముందు తాను విన్నదీ చూసిందీ చెప్పింది. అడిగినంత వరకే చెప్పింది. ఒకరోజు మెట్ల దగ్గర ఎదురై, "నాకింకా రెండేళ్ల ట్రైనింగ్ ఉంది అక్కా. ఆయన సంతకం కావాలి," అంది.

"నాకు చెప్పకు తల్లీ," అంది చల్లమ్మ. "నేను విని విని ఉన్నాను ఆ మాట. నా నోటినుంచే."

పెద్ద డాక్టరు ఆ జబ్బు మీద వ్యాసం కూడా రాశాడు. అది ఫ్రేము కట్టించి కింది అంతస్తులో లిఫ్టు పక్కన తగిలించారు. చల్లమ్మ అప్పటినుంచీ మెట్లే ఎక్కేది. మోకాళ్లు నొప్పి పెట్టినా సరే, ఆ గాజు పలక ముందు లిఫ్టు కోసం నిలబడటం ఆమె వల్ల కాలేదు.

పిచ్చుకకు బుడగ రెండో విడత, మూడో విడత అయ్యాయి. ఏడుచోట్లలో ఐదు తెరుచుకున్నాయి. రెండు చిన్న కొమ్మలు మొండికేశాయి. ఏడాది ముందు మొదలుపెట్టి ఉంటే గుండె ఇంత అలిసేది కాదని డాక్టరమ్మ ఈసారి తల్లికి దాచకుండానే చెప్పింది. పిల్ల ఇప్పుడు ఒక అంతస్తు ఆగకుండా ఎక్కుతుంది. రెండోది సగంలో ఆగి ఎక్కుతుంది.

మూడో విడత తర్వాతి స్కాన్‌కు తీసుకొచ్చినరోజు పిల్లల విభాగం నుంచి చల్లమ్మకు కబురొచ్చింది. ఆ తల్లి కొత్త టెక్నీషియన్‌తో తీయించుకోనంటోందట. నువ్వే రావాలట.

చల్లమ్మ పాత గదిలోకి అడుగుపెట్టింది. తెర సందు అలాగే ఉంది. పిచ్చుక మంచం మీద ఉంది. కాస్త ఒళ్లు చేసింది. పలకరించలేదు. తల్లి యంత్రం పక్కనే, స్కాన్ బొమ్మ కనిపించేలా నిలబడి ఉంది.

"నన్నెందుకు పిలిపించావమ్మా? అతను మంచి పనిమంతుడే."

"నిన్ను క్షమించి పిలిచాననుకోకు," అంది తల్లి. "నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ కంపరమే. కానీ నువ్వయితే భయంతో చూస్తావు. మిగతావాళ్లకు ఇది ఇరవైమందిలో ఒక పిల్ల. నీకు కాదు. మొదలుపెట్టు."

చల్లమ్మ జెల్లీ అరచేతిలో వేసుకుని వెచ్చబెట్టి పూసింది. పావుగంటలో అయ్యేదానికి నలభై నిమిషాలు పట్టింది. ప్రతి కొలతా మూడుసార్లు తీసింది. తీసిన ప్రతి అంకెనూ తల్లి అడగకుండానే పైకి చదివింది. కుడివైపు ఒత్తిడి ఇంకా మామూలుకు రెట్టింపు దగ్గర ఉంది, కానీ దిగుతోంది. మధ్య గోడ కొంత నిటారైంది. కుడి గది గోడ దళసరి మాత్రం తగ్గలేదు. అది తగ్గలేదనే చెప్పింది, తగ్గుతుందిలే అని కలపలేదు.

"రాసివ్వు," అంది తల్లి. "టైపు కొట్టింది కాదు. నీ చేత్తో."

చల్లమ్మ రాసింది. కింద సంతకం, తేదీ, టైము వేసింది. తల్లి ఆ కాగితాన్ని నిలబడే చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా దాటుకుంటూ చదివింది. మూడుచోట్ల ఆగి, దీనికి అర్థమేంటని అడిగింది. మూడుసార్లూ చల్లమ్మ చెప్పింది. మూడోది తల్లికి అర్థం కాలేదు. చల్లమ్మ కాగితం వెనక గుండె బొమ్మ గీసి మళ్లీ చెప్పసాగింది. బయట వరసలో ఉన్నవాళ్లు ఎంతసేపని తలుపు కొట్టారు.

"ఆగమను," అంది తల్లి కాగితం మీద నుంచి తలెత్తకుండా. "ఇంకా చదువుతున్నాను."